తీసేయమని రాసే ముందు

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా అంతర్జాలంలో జరిగిన సభలో యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు అధ్యక్షత వహిస్తున్న అక్కకు, పెద్దలకు, ఊళ్ల నుంచి, హాస్టళ్ల నుంచి, హైదరాబాదులో అద్దె గదుల నుంచి ఫోన్లలో వింటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ జోహార్లు. సిగ్నల్ కోసం గుట్టెక్కి కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారని ఇందాక చెప్పారు. వాళ్లకు ఇంకో జోహారు.

నాకిచ్చిన అంశం ‘సినిమాల్లో ఆదివాసీలు’. ఒక్క పూటలో తెమిలే అంశం కాదది. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. పది రోజుల కింద మన యువజన గ్రూపులో ఒక ఉత్తరం ముసాయిదా తిరిగింది. మీలో చాలామంది దాని కింద పేర్లు రాశారు. పాత తెలుగు సినిమాల్లో మనల్ని వెక్కిరించే పాటలూ సన్నివేశాలూ ఓటీటీ యాప్‌ల నుంచి వెంటనే తీసేయాలి, అమెరికాలో డిస్నీ వాళ్లు తీసేసినట్టే తీసేయాలి అని అందులో ఉంది. నేను పేరు రాయలేదు. మా అక్క కొడుకు ఆ రాత్రే ఫోన్ చేశాడు. “మామా, నువ్వే ఇలా చేస్తే ఎట్లా?” అన్నాడు. వాడికి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇప్పుడు మీ అందరికీ చెప్తాను.

ముందు ఒక మాట. మీకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మీకంటే ముందు నాకొచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పండగ రాత్రి మా హాస్టల్‌కు టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చారు. ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా అనే తెచ్చారు. మధ్యలో అడవి పాట వచ్చింది. ఒంటికి నల్ల రంగు పూసుకుని, తలకు పట్టీ కట్టి, ఆ పట్టీలో ఈకలు గుచ్చుకుని, ఆకులు చుట్టుకున్న ఇరవై మంది ఏ భాషా కాని కూతలు కూస్తూ గెంతారు. మా హాస్టల్ పిల్లలం నవ్వాం. నేనూ నవ్వాను. ఎందుకంటే ఆ తెర మీద ఉన్నది మేమేనని మాకెవరికీ తట్టలేదు. మా ఊళ్లో అలాంటి మనిషిని మేమెప్పుడూ చూడలేదు కదా.

రెండేళ్లకు టౌన్లో కాలేజీలో చేరాక తెలిసింది. పేరు తర్వాత తెగ అడిగారు. కోయ అన్నాను. వెనక బెంచీ వాడు అదే కూత కూశాడు. ఇంకొకడు అరచెయ్యి చాపి “దొరా, జాతకం చెప్పు” అన్నాడు. మన తెగ పేరు సగం తెలుగుదేశానికి మూలికలమ్మే, సోది చెప్పే వేషం పేరుగానే తెలుసు. హీరో విలన్ ఇంట్లో దూరాలంటే వేసే మారువేషం అది. రెండేళ్లు నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. అందుకే ఆ పాటలు పిల్లల కంట పడకూడదని ఎవరైనా అంటే నేను తేలిగ్గా తీసుకోను.

మరి పేరెందుకు రాయలేదు? మొదటి కారణం చిన్నది. ఉత్తరంలో రాసింది జరగలేదు. డిస్నీ తీసేసింది అనే మాట సగమే నిజం. అసలు జరిగింది తెలుసుకుంటే మనకు పనికొస్తుంది.

‘పీటర్ పాన్’ అనే బొమ్మల సినిమా 1953లో వచ్చింది. అందులో అమెరికా మూలవాసులు ఉంటారు. మనం తెలుగులో ఇంకా రెడ్ ఇండియన్లు అనేస్తుంటాం. ఆ సినిమాలోనూ వాళ్లను చర్మం రంగుతో ఎగతాళిగా పిలుస్తారు. వాళ్ల మాట అర్థం లేని కూత. కథలోని తెల్ల పిల్లలు ఈకల టోపీలు పెట్టుకుని వాళ్లలా గెంతుతారు. నా హాస్టల్ రాత్రి గుర్తొచ్చిందా? 2019లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు ఇలాంటి సినిమాల వివరాల్లో, కాలం చెల్లిన సాంస్కృతిక చిత్రణలు ఉండొచ్చని ఒక వాక్యం రాసి ఊరుకున్నారు. 2020 అక్టోబరులో దాన్ని మార్చారు. ఈ చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, తీసేయకుండా వీటి నుంచి నేర్చుకుందాం అనే అర్థంతో ప్రకటన సినిమా మొదట్లో వచ్చేలా చేశారు. ఇందుకోసం సలహా అడిగిన బయటి సంస్థల్లో ఇల్యూమినేటివ్ అనే మూలవాసుల సంస్థ కూడా ఉంది. 2021 మొదట్లో ‘పీటర్ పాన్’, ‘డంబో’, ‘అరిస్టోక్యాట్స్’, ‘స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్’ ఏడేళ్లలోపు పిల్లల ప్రొఫైళ్లలో కనిపించకుండా చేశారు. పెద్దల ప్రొఫైల్లో అవి ఉన్నాయి, కొయ్యకుండా ఉన్నాయి. దీన్నే “డిస్నీ బ్యాన్ చేసింది” అని లోకమంతా తిప్పారు. తిట్టినవాళ్లూ తిప్పారు, మెచ్చినవాళ్లూ తిప్పారు. మన ఉత్తరంలోకీ ఆ మాటే వచ్చింది.

ఇక రెండో కారణం, నాకు అసలైనది. తీసేయడం అనే పని అమెరికాలో నిజంగా జరిగిన చోట్ల ఏమైందో చూడండి.

‘ఫాంటేషియా’ 1940 నాటి సినిమా. సగం గుర్రం, సగం అమ్మాయి ఆకారంలో తెల్లటి అందగత్తెలు ఉంటారు. వాళ్ల గిట్టలు తుడిచి, తోకలకు పూలు కట్టే నల్ల పిల్ల ఒకతె ఉంటుంది. ఆ పిల్లది సగం గాడిద ఒళ్లు. 1969లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ పిల్లను కోసేశారు. ఫలితం? సేవ చేసే పిల్ల మాయమైంది. సేవ చేయించుకున్న అందగత్తెలు నిగనిగలాడుతూ మిగిలారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఎంతో శుభ్రమైన సినిమా చూశామనుకున్నారు. కోసింది ఎవరి పరువు కాపాడింది చెప్పండి. ఆ నల్ల పిల్లదా, గీసిన కంపెనీదా?

‘టామ్ అండ్ జెర్రీ’ మీకందరికీ తెలుసు. పాతవాటిలో మెడ పైన కనిపించని ఒక ఇల్లాలు చీపురు పట్టుకుని టామ్‌ను తరుముతుంది. ఆమె నల్లజాతి పనిమనిషి. ఆ పాత్రకు లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటి గొంతు ఇచ్చింది. ఆ చిత్రణ మీద అభ్యంతరాలు వచ్చాయి, అవి న్యాయమైనవే. 1960ల్లో అమెరికా టీవీ కోసం ఏం చేశారంటే, కొన్ని కార్టూన్లలో ఆ మనిషి స్థానంలో తెల్లామెను గీసి, తెల్లామె గొంతు పెట్టారు. వెక్కిరింపుతో పాటు ఆ నటి కూడా పోయింది. ఆ రోజుల్లో నల్లజాతి ఆడమనిషికి సినిమాలో దొరికే పని ఎంత? దొరికిన ఆ కాస్త పనిని కూడా దిద్దుబాటు పేరుతో చెరిపేశారు.

ఇంకొకటి చెప్పాలి. ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’, 1946. బానిసత్వం పోయిన తర్వాతి కాలంలో ఒక తోటలో నల్లజాతి ముసలాయన తెల్ల పిల్లాడికి కథలు చెప్తుంటాడు. అంతా హాయిగా, పాటలు పాడుకుంటూ ఉన్నట్టు చూపించారు. విడుదలైనప్పుడే నల్లజాతి సంఘాలు అభ్యంతరం చెప్పాయి, న్యూయార్క్‌లో థియేటర్ ముందు నిరసనలు జరిగాయి. “ఆ కాలంలో ఎవరికీ తప్పనిపించలేదు” అని ఎవరైనా అంటే ఇది గుర్తు పెట్టుకోండి. తప్పనిపించినవాళ్లు అప్పుడే చెప్పారు, వినేవాళ్లు వినలేదు. ఈ సినిమాను డిస్నీ ప్లస్‌లో అసలు పెట్టలేదు. ప్రకటన తగిలించినా సరే, నేటి ప్రపంచానికి తగదని కంపెనీ అధిపతి బాబ్ ఐగర్ 2020లో వాటాదారులకు చెప్పారు.

మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ ముసలాయన వేషం వేసిన జేమ్స్ బాస్కెట్ సంగతి వినండి. సినిమా మొదటి ప్రదర్శన అట్లాంటా నగరంలో జరిగింది. అక్కడ తెల్లవాళ్లకు వేరు, నల్లవాళ్లకు వేరు అనే రూలు. తన సినిమా వేడుకకే బాస్కెట్ వెళ్లలేకపోయాడు. 1948లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటుడు ఆయనే. కొద్ది నెలలకే చనిపోయాడు. ఇప్పుడు ఆ సినిమా దొరకదు కాబట్టి ఆయన పనీ దొరకదు. అదే కంపెనీ 2017లో ఊపీ గోల్డ్‌బర్గ్ అనే నల్లజాతి నటిని సన్మానించినప్పుడు, ఆ సినిమాను తిరిగి తెచ్చి, అదేమిటో ఎక్కడి నుంచి వచ్చిందో అందరూ మాట్లాడుకునేలా చేయాలని ఆమె అన్నారు. ఈ ఒక్క సినిమా విషయంలో నేనింకా తేల్చుకోలేదు, ఉన్నమాట చెప్తున్నా. బానిసల మనవరాలు “నా పిల్లలకు అది వద్దు” అంటే ఆమెతో వాదించడానికి నేనెవర్ని? కానీ ఆమెను ఎవరైనా అడిగారా అన్నదే నా ప్రశ్న.

మూడో సంగతి యంత్రానిది. క్యాసెట్ రోజుల్లో కంపెనీ ఏదైనా కోస్తే, పాత క్యాసెట్ ఎవరి అటక మీదో ఉండేది. పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. యాప్‌లో అలా కాదు. సినిమా మన దగ్గర ఉండదు, వాళ్ల సర్వర్‌లో ఒక ఫైలు ఉంటుంది. రాత్రికి రాత్రి ఆ ఫైలు మార్చితే పొద్దున్నే అందరికీ కొత్తదే కనిపిస్తుంది. మార్చామని చెప్పక్కర్లేదు. 1984 నాటి ‘స్ప్లాష్’ అనే జలకన్య సినిమా ఉంది. 2020లో డిస్నీ ప్లస్‌లో పెట్టినప్పుడు నాయిక వెనక భాగం కనిపించకుండా కంప్యూటర్‌తో జుట్టు పొడవు పెంచారు. ఒకరు ఆ ముక్కను ట్విట్టర్లో పెట్టాక గాని లోకానికి తెలియలేదు. ఆ జుట్టు చూస్తే మీరూ నవ్వుతారు, గొంగడి కప్పినట్టుంటుంది. ఇది చిన్న విషయం, దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ జుట్టు అతికించే చెయ్యే రేపు మన పాటనూ మాయం చేయగలదు. అప్పుడు కాలేజీలో నా మీద కూత కూసినవాడి కొడుకు, “మీవాళ్లను ఎవరు వెక్కిరించారు? ఏ సినిమాలో? చూపించు” అంటే నేనేం చూపించాలి?

తమ్ముళ్లూ, మన దగ్గర కాగితం తక్కువ. మన చరిత్ర డోలి పాటలో ఉంది, పడిగె గుడ్డ మీద బొమ్మల్లో ఉంది. సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. మన గొప్పతనానికి సాక్ష్యాలే అలా ఒకరొకరుగా పోతున్నాయి. మనకు జరిగిన అవమానానికి సాక్ష్యం మాత్రం అవతలివాళ్ల దగ్గర, చక్కటి రంగుల్లో ఉంది. దాన్ని తీసేయమని మనమే సంతకాలు పెట్టి అడుగుతామా?

ఇక్కడ ఆ ఈకల సంగతి కొంచెం చెప్పాలి, చాలామంది దీన్ని గమనించరు. మనకూ ఈకలున్నాయి. కొమ్ము ఆటలో మగవాళ్లు పెట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగాకు నెమలి ఈకలు ఉంటాయి. అటు ఆదిలాబాదులో గుస్సాడి వేసే గోండు అన్నల టోపీ అంతా నెమలి ఈకలే. ఆ గుస్సాడి నేర్పిన మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ మన సినిమా పాటల్లో ఉండేది ఆ తలపాగా కాదు, ఆ టోపీ కాదు. నుదుటి చుట్టూ పట్టీ, అందులో నిటారుగా ఈకలు. అది ఎవరిది? హాలీవుడ్ వాళ్లు తమ మూలవాసులకు పెట్టిన వేషం. అమెరికా మైదానాల్లో కొన్ని తెగల వీరులు ఒక్కో ఈకనూ ఒక్కో పనికి గుర్తుగా సంపాదించుకునేవాళ్లు. హాలీవుడ్ దాన్ని లాక్కుని అన్ని తెగల నెత్తినా పెట్టింది, ‘పీటర్ పాన్’ పిల్లల నెత్తినా పెట్టింది. అక్కడి నుంచే అది మద్రాసు స్టూడియోల దుస్తుల పెట్టెల్లోకి వచ్చిందని నా నమ్మకం. మనల్ని వెక్కిరించడానికి కూడా మన ఊరొచ్చి చూసే ఓపిక లేకపోయింది వాళ్లకు! ఆ పాటలు ఉంటేనే ఈ మాట ఎవరికైనా వేలు పెట్టి చూపించగలను. మా తలపాగా ఇది, మీరు పెట్టింది ఇది అని.

అలాగని ఉన్నవి ఉన్నట్టు వదిలేయమని కాదు. హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లాడు ఒంటరిగా ఆ పాట ముందు కూర్చోకూడదు. ఇక్కడ చట్టం మనకు కొంత సాయం చేస్తుంది. థియేటర్ సినిమాకు 1952 చట్టం కింద సెన్సార్ సర్టిఫికెట్ ఉంది. ఓటీటీకి అది లేదు. దానికి 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనలు ఉన్నాయి. ప్రతి సినిమాకూ యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వయసు వర్గం వేయాలి. ఆ వర్గం నిర్ణయించేటప్పుడు కులం, జాతి, లింగం, మతం, వైకల్యం వంటి విషయాల మీద దాని ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలని అందులోనే రాసి ఉంది. ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, పదిహేను రోజుల్లో ఆ ఫిర్యాదు తేల్చాలి. తేల్చకపోయినా, చెప్పిన జవాబు నచ్చకపోయినా పైకి వెళ్లడానికి ఇంకో రెండు మెట్లున్నాయి. మన ఉత్తరం “యాప్‌ల యాజమాన్యాలకు” అని గాలిలోకి రాసి ఉంది. ఫలానా సినిమా, ఫలానా నిమిషం, అందులో ఇది తప్పు, మా దగ్గర అసలు ఇలా ఉంటుంది అని ఫిర్యాదుల అధికారికి రాస్తే వాళ్లు జవాబు చెప్పి తీరాలి.

ఏం అడగాలి? పిల్లల విభాగంలో పెట్టొద్దని అడుగుదాం. సినిమా మొదట్లో తెలుగులో నాలుగు వాక్యాలు పెట్టమందాం, ఆ వాక్యాలు మనం రాసిస్తాం. “ఎవరి మనోభావాలైనా దెబ్బతింటే” అనే డొంకతిరుగుడు వద్దు. కోయవాళ్లు ఇలా ఉండరు, ఈ వేషం కోయలది కాదు అని ఉండాలి. ఎక్కడైనా కొయ్యాల్సి వస్తే కోశామని తెర మీద చెప్పమందాం. ఆ ప్రకటన మన చేతుల మీదుగా పడాలని ఎందుకంటున్నానంటే, కంపెనీ రాసింది కంపెనీ మారుస్తుంది. 2025 ఫిబ్రవరిలో డిస్నీ తన ప్రకటనను మెత్తబరిచింది. అప్పుడూ తప్పే ఇప్పుడూ తప్పే అన్న మాట తీసేసింది, మొదట్లో తప్పక వచ్చేదాన్ని వివరాల పేజీలోకి నెట్టింది. అమెరికాలో గాలి మారింది, అక్షరం మారింది. ఐదేళ్లు కూడా నిలవలేదు.

మా మేనల్లుడు ఇంకో మాట కూడా అన్నాడు. “వాళ్లను బతిమాలుతూ ఎన్నాళ్లు మామా, మనం మన సినిమా చెయ్యలేమా” అని. చెయ్యాలి. దానికింకా ముందు చెయ్యగలిగింది ఒకటుంది. అమెరికాలో నవాహో అనే తెగ ఉంది. వాళ్ల మ్యూజియం వాళ్లు పూనుకుని 2013లో ‘స్టార్ వార్స్’కు నవాహో భాషలో గొంతులు ఇప్పించారు. 2016లో ‘ఫైండింగ్ నీమో’ కూడా వాళ్ల భాషలో వచ్చింది. చేపపిల్ల నవాహోలో మాట్లాడింది. ‘పీటర్ పాన్’లో అర్థం లేని కూతలు కూయించిన డిస్నీ, అరవై ఏళ్ల తర్వాత ఒక మూలవాసుల భాషలో సినిమా ఇచ్చింది. వెళ్లి అడిగారు కాబట్టి ఇచ్చింది. మన కోయ భాషలో ఒక చిన్న కార్టూన్‌కు గొంతులు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుందో మీలో వీడియో ఎడిటింగ్ చేసే పిల్లలకు నాకంటే బాగా తెలుసు. మా ఇంట్లో మనవరాలు కోయలో తిట్లు మాత్రమే నేర్చుకుంది, అవి మాత్రం బాగా వచ్చు.

సరే, ఉత్తరం సంగతి. నిన్న రాత్రి మేనల్లుడూ నేనూ కూర్చుని దాన్ని తిరగరాశాం. ‘వెంటనే తొలగించాలి’ అన్నచోట ఇందాక చెప్పినవి పెట్టాం. దాని వెనక ఒక పట్టిక ఖాళీగా ఉంది. సినిమా పేరు, ఏ యాప్, ఎన్నో నిమిషం, ఏం చూపించారు, మన దగ్గర అది ఎలా ఉంటుంది అని ఐదు గడులు. చివరి గడి నింపడానికి మీ తాతనో అవ్వనో అడగాల్సి వస్తుంది. మొదటి వరుస నేను నింపాను. ఆ హాస్టల్ రాత్రి చూసిన సినిమా యాప్‌లో ఇంకా ఉంది, పాట కూడా ఉంది. ఈ వయసులో మళ్లీ చూశాను. ఈసారి నవ్వు రాలేదు గానీ, వెనక వరుసలో గెంతే ఇరవై మందిలో ఒక కుర్రాడు అడుగు తప్పి పక్కవాణ్ని చూసి వేస్తున్నాడు. వాడూ ఏ పేదింటి పిల్లాడో, కూలికొచ్చినవాడే.

పట్టిక లింకు ఇప్పుడే గ్రూపులో పెడుతున్నారు. కింద నా పేరు రాశాను. ప్రశ్నలుంటే అడగండి. గుట్ట మీద ఉన్నవాళ్లు ముందు అడగండి, చీకటి పడుతోంది. జోహార్.